రెండు బిందువుల గీత

“మధ్యలో ఆ మూడో బిందువు ఎందుకమ్మా? తీసెయ్,” అన్నారు గోపాలకృష్ణమూర్తి, స్క్రీన్ మీద వేలు పెట్టి.

సత్యశ్రీ మౌస్ వదల్లేదు. “తీగ కిందికి వేలాడిందండి. అది లేకపోతే కనబడదు.”

భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న కంపెనీకి ఆయన మేనేజరు. ఆమె ఆఫీసులో కొత్తగా చేరింది. బ్రౌజర్లో తెరుచుకునే త్రీడీ బొమ్మలు చేయడం ఆమెకు వచ్చని తెలిసి ఈ పని అప్పగించారు. బొమ్మలో ఉన్నవన్నీ గీతలే. రెండు నిలువు గీతలు కరెంటు స్తంభాలు. వాటి మధ్య అడ్డంగా సాగేది, చెరువులో నీళ్ళు తిప్పే ఏరేటర్లకు కరెంటిచ్చే తీగ. ఎక్కడెక్కడ బిందువులుండాలో చెబితే చాలు, వాటిని వరసగా కలిపి సాఫ్ట్‌వేరే గీత గీసేస్తుంది. తీగ కింద పొట్టి గీత మనిషి. అతని చేతిలో పొడవాటి గీత ఇనప గొట్టం.

రెండు నెలల కిందట ఆ గొట్టం నిలువుగా పట్టుకుని గట్టు మీద నడుస్తూ, సూపర్‌వైజరు పల్లంరాజు కరెంటు తగిలి చనిపోయాడు. తీగ ఎంత ఎత్తున ఉందన్నదే విచారణ. కంపెనీ మర్నాడే దాన్ని బిగించేసింది. ఇక మిగిలింది ఈ బొమ్మే.

“స్తంభాల దగ్గర ఇరవై అడుగులు. రెండు కొసలకీ అదే ఎత్తు ఇవ్వు. తిన్నగా ఒక్క గీత.”

“మధ్యలో పధ్నాలుగేనండి. బిగించమని పోయేముందు ఆయన మూడుసార్లు చెప్పారు.”

“కాగితం మీద చెప్పాడా?”

సత్యశ్రీ మౌస్ వదిలేసింది.

“వేరేవాళ్ళ చేత గీయించండి సార్,” అంది.

“వేరేవాళ్ళు గీస్తే పనికిరాదమ్మా. సోమవారమే విచారణ. నీ ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు, అది గుర్తుపెట్టుకో.”

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకముందే తల్లి మహాలక్ష్మమ్మ ఫోన్ చేసింది.

“మేనేజరు గారు ఫోన్ చేశారే. గీయనన్నావంట?”

“గీస్తానన్నానమ్మా. ఉన్నది ఉన్నట్టు గీస్తానన్నాను.”

“ఉన్నది గీస్తే మనకేం తిరిగొస్తుందే?” అంది తల్లి. “తమ్ముడికింకా మూడేళ్ళ చదువుంది. నాకు మాత్రం కడుపు మండట్లేదనుకున్నావా? చెప్పినట్టు చెయ్యి తల్లీ.”

ఫోన్ పెట్టేశాక కూడా సత్యశ్రీ డబ్బా తెరవలేదు. సీట్లోకొచ్చి మధ్య బిందువును చెరిపేసింది. వేలాడుతున్న తీగ ఒక్కసారిగా తిన్నగా పైకి లేచింది. గొట్టం కొస పదిహేను అడుగుల దగ్గరే ఉండిపోయింది. బొమ్మను కుడికి తిప్పింది, ఎడమకు తిప్పింది. ఎటునుంచి చూసినా ఐదడుగుల ఖాళీ. ఏ తప్పూ లేని తీగ. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

వెనక నిలబడి చూసిన మేనేజరు, “ఎంత శుభ్రంగా ఉందో చూడు,” అన్నారు.

సోమవారం విచారణ గదిలో, అధికారి మీనాకుమారి ఆ బొమ్మను తనే తిప్పితిప్పి చూసింది.

“ఇంత ఖాళీ ఉంటే నడిచేటప్పుడు తగిలే అవకాశమే లేదే. గొట్టం ఆయనే పైకెత్తి ఉండాలి.”

“మొదట్నుంచీ మేం చెబుతున్నది అదేనండి,” అన్నారు గోపాలకృష్ణమూర్తి. “మంచి మనిషే పాపం. అజాగ్రత్త.”

అధికారి సత్యశ్రీ వైపు తిరిగింది. “కొలతలు సరైనవేనా అమ్మా? నిన్నెవరూ బలవంతపెట్టలేదు కదా?”

తప్పు పల్లంరాజుదేనని తేలడానికి ఇక ఒక్క మాటే మిగిలింది.

“లేదండి. కొలతలు సరైనవే.”

మీనాకుమారి ఒక క్షణం ఆమెనే చూసి, వాంగ్మూలం కాగితం ముందుకు జరిపింది. సత్యశ్రీ పేరు రాసింది. వయసు రాసింది. సంతకం చేసి కలం కింద పెట్టబోయింది.

“ఒక గడి వదిలేశావమ్మా,” మేనేజరు వంగి మెల్లగా చూపించారు. “అదే ముఖ్యం.”

మృతుడితో సంబంధం, అని ఉందక్కడ.

‘కూతురు’ అని రాసింది.