తాబేలు అడిగిన ప్రశ్నలు

వానలు దగ్గరపడ్డాయని చిట్టెలుక తాబేలు దగ్గరకొచ్చింది. "తాతా, గింజలు ఎక్కడ దాచుకోను? కాకేమో చెట్టుతొర్రలో దాచమంది."

"నీకు పిల్లలెందరమ్మా?"

"నలుగురు."

"నలుగురూ చెట్టెక్కగలరా?"

ఎలుక చిరాకుపడింది. "చోటు చెప్పమంటే ఇంటిగుట్టు అడుగుతావేం?"

"తెలుసుకోకుండా చెబితే మాట నాది, ఆకలి నీ పిల్లలది," అంది తాబేలు.

ఎలుక తల దించుకుంది. "చిన్నదానికి ఓ కాలు అవిటిది తాతా. నామోషీతో ఎవరికీ చెప్పలేదు."

తాబేలు మెల్లగా కలుగుదాకా నడిచివెళ్లి, ఆ పిల్ల నడకను కళ్లారా చూసింది. "మెరకమీద ఆ బండసందులో దాచమ్మా. దారి వాలుగా ఉంది, నడిచిపోవచ్చు," అంది.

కుండపోత వానకు కలుగు మునిగింది. తల్లి మిగతా ముగ్గురినీ పోగుచేసుకుని బండ చేరేసరికి, చిన్నది అప్పటికే అక్కడ కూర్చుని గింజ కొరుకుతోంది.