సాయంత్రపు పూత

ఆ రోజు కూడా ఈత మాస్టారు టీషర్టుతోనే నీళ్లలోకి దిగారు.

ఇరవై ఆరేళ్లుగా ఆ కొలనులో ఈత నేర్పుతున్న మనిషి. నీళ్లు చూస్తే కాళ్లు వణికే పెద్దవాళ్లను కూడా నెల తిరక్కుండా చేపపిల్లల్ని చేసి వదిలిన మనిషి. గుడ్డలతో కొలనులోకి దిగరాదని గోడ మీద ఎర్రరంగుతో రాయించింది ఆయనే. ఇప్పుడు ఆ రాతకు వీపు తిప్పి నిలబడుతున్నారు.

ఆరు నెలలుగా ఆయన ఛాతీ రెండు వైపులా ఉబ్బుతూ వచ్చింది. మొదట కొవ్వనుకున్నారు. యాభై ఆరేళ్లొచ్చాయి, కాస్త ఒళ్లు చేస్తే వింతేముందని పూటకో ముద్ద తగ్గించారు. పొట్ట లోపలికి పోయింది గానీ ఛాతీ తగ్గలేదు. పైగా ముట్టుకుంటే నొప్పి. గట్టెక్కగానే తువ్వాలు మెడ చుట్టూ వేసుకుని ముందుకు లాక్కోవడం అలవాటైపోయింది.

లోకం కళ్లు ఊరుకుంటాయా? ఆ పొద్దుటి బ్యాచ్‌లో ఒకాయన అందరికీ వినబడేలా అననే అన్నాడు.

"మాస్టారికేం, తేలడానికి ట్యూబు కూడా అక్కర్లేదు."

నవ్విన వాళ్లలో, మునిగిపోతుంటే మాస్టారు జుట్టు పట్టి పైకి లాగి బతికించినవాడూ ఉన్నాడు. మాస్టారు కూడా నవ్వేశారు. తర్వాత బట్టలు మార్చుకునే గదిలో గడియ పెట్టుకుని, కుళాయి తిప్పి, ఏడ్చారు.

కొలను మేనేజరు చెడ్డవాడేం కాదు. నీళ్లు నమిలి నమిలి చెప్పాడు. "ఫిర్యాదులొస్తున్నాయి మాస్టారూ. ఒకటో తారీఖు నుంచి మీరూ అందరిలాగే చొక్కా విప్పి దిగండి. లేదంటే టికెట్ల కిటికీ దగ్గర కూర్చోండి. జీతం ఇంతే ఇప్పిస్తాను."

మాస్టారి బెంగ జీతం గురించి కాదు. నీళ్లలో దిగకుండా రోజెలా గడపాలో ఆయనకు తెలియదు.

సిగ్గు చంపుకుని డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆ డాక్టరమ్మ చిన్నప్పుడు ఆయన దగ్గరే ఈత నేర్చుకుంది. చదువులనీ ఉద్యోగాలనీ ఊళ్లు తిరిగి, పదేళ్ల తర్వాత ఈ మధ్యే తిరిగొచ్చి సొంతంగా క్లినిక్ పెట్టుకుంది. పరీక్షలన్నీ చేయించింది. రక్తంలో ఆడవాళ్ల హార్మోను ఉండాల్సిన దానికి ఐదింతలుంది. తాగుడు లేదు, కాలేయం శుభ్రంగా ఉంది, స్కానింగులో ఎక్కడా గడ్డ లేదు, మాత్రలేవీ మింగడం లేదు. ఆమె కాగితాలు పక్కన పెట్టి అడిగింది.

"ఇంట్లో హార్మోను మందేమైనా ఉందా మాస్టారూ? పూతమందైనా సరే."

మాస్టారు నేల చూస్తూ చెప్పారు. "మా ఆవిడకు గర్భసంచి తీసేశాక ఒంట్లో ఆవిర్లొస్తున్నాయంటే అప్పటి డాక్టరు ఏదో జెల్ రాసిచ్చారమ్మా. రోజూ సాయంత్రం స్నానం చేసి చేతులకు పూసుకోవాలి."

డాక్టరమ్మ ముఖం విప్పారింది. దొంగ దొరికాడంది. పిన్నిగారి చేతులనుంచి మందు మీ ఒంటికి అంటుకుంటోంది, అంటుకున్నదానికే ఇంత పెరగడం కాస్త వింతే గానీ ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు అంది. ముప్పై ఏళ్ల కాపురం తర్వాత కూడా ఇంత అన్యోన్యమా అని చనువుగా ఆటపట్టించింది. మాస్టారు తల వంచుకున్నారు. ఆ సిగ్గు చూసి ఆమెకు ముచ్చటేసింది.

"ఆ జెల్‌కు దూరంగా ఉంటే చాలు, మూడు నాలుగు నెలల్లో తగ్గిపోతుంది. నాన్చితే మాత్రం గట్టిపడుతుంది, అప్పుడిక కోసి తీయాల్సిందే. ఈసారి పిన్నిగారినీ తీసుకురండి, దాని బదులు మాత్రలు రాస్తాను."

మాస్టారు తలూపి వచ్చేశారు.

నాలుగు రోజులు ఆయన పడకగది వైపు వెళ్లలేదు. హాల్లో చాప వేసుకున్నారు. కంటి మీద కునుకు లేదు. స్పిరిటులా చల్లగా, ముక్కుకు తగిలీ తగలనట్టుండే ఆ వాసన లేనిదే ఆయనకు పొద్దు గుంకినట్టే ఉండదు. ఆరేళ్ల అలవాటు. ఎంతటి చాకిరీ చేసొచ్చినా ఆ వాసన తగిలిందంటే ఇల్లు చేరినట్టు. 'ఎందుకండీ ఈ మొండితనం, మీ ఈత కంటే నేనెక్కువా?' అని అడుగుతుందావిడ, ఆయనకు తెలుసు. జవాబూ తెలుసు. ఐదో రోజు చాప చుట్టేసి గదిలోకి వెళ్లిపోయారు.

ఒకటో తారీఖున మేనేజరుకు ఈల అప్పగించి టికెట్ల కిటికీ వెనక కూర్చున్నారు. అక్కడినుంచి కొలను కనబడదు, చప్పుడు మాత్రం వినబడుతుంది. కొత్తగా వచ్చిన కుర్ర మాస్టారు కాళ్లాడించడం తప్పు నేర్పుతున్నాడని ఆ చప్పుడును బట్టే తెలిసిపోయింది. రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చుండిపోయారు.

సాయంత్రం మందుల షాపులో ఆయన నోరు తెరవకముందే షాపాయన జెల్ ట్యూబు తీసి బల్ల మీద పెట్టాడు. నెలనెలా ఇచ్చేదే.

"అమ్మగారు ఈ మధ్య బొత్తిగా కనబడ్డం లేదు. కులాసానా?"

"ఆఁ, ఇంట్లోనే ఉంది" అన్నారు మాస్టారు.

ఇంటికొచ్చి, స్నానం చేసి, పద్నాలుగు నెలల కిందట ఆవిడ పోయిన మర్నాటి నుంచి, ఆ నాలుగు రోజులు తప్ప, రోజూ చేస్తున్నట్టే, ఆ జెల్ తన చేతులకు తానే పూసుకుని, ఆ చెయ్యి తలకింద పెట్టుకుని పడుకున్నారు.