ఒక సైజు ఎక్కువ

"నా కారుకు వారం పడుతుందంటావ్. వాని కారుకు మాత్రం తెచ్చిన పూటే వేస్తాండావే! ఏందిరా యేసుదాసూ ఈ కత?"

నంద్యాలలో టైర్ల షాపు ముందు నిలబడి శేషయ్య గట్టిగా అరిచాడు. ఎదురుగా అతని బావమరిది ఓబులేసు కొత్త కారు, ముందు చక్రాలు రెండూ ఊడదీసి జాకీల మీద ఉంది. కంకర రోడ్లకు ముందు టైర్లు దెబ్బతిన్నాయని ఓబులేసు కారు అప్పగించి పత్తి మార్కెట్టుకు పోయాడు.

"నేనేం చేయాలన్నా? మీది పాత ఇంగ్లీషు బండి. దాని సైజు మద్రాసు నుంచి రావాల. ఓబులేసన్నది అయిదు తొంభై, పదిహేను. ఈడ్నే ఉంది" అన్నాడు యేసుదాసు. టైరు మీది అంకెలను వేలితో చూపించాడు. "ఇది టైరు లావు, ఇది చక్రం కొలత. కంపెనీ ఏది చెప్పిందో అదే వేయాల."

శేషయ్యకు ఆ అంకెలు ఎక్కలేదు. ఆళ్ళగడ్డలో ముందుగా కారు కొన్నది తాను. పెళ్ళికొడుకును ఊరేగించాలన్నా, పెద్ద ఆఫీసరుకు ఎదురుపోవాలన్నా జనం తన వాకిట్లోకే వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఒక్కడూ రాడు. అంతదాకా ఎందుకు, కట్టుకున్న రామేశ్వరమ్మే "మా తమ్ముని కారులో కూచుంటే చెంబులో నీళ్ళు కూడా తొణకవు" అని ఇరుగమ్మతో, పొరుగమ్మతో చెప్పుకుంటోంది. ఆ మాట విన్నప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

గోడకు ఆనించి ఉన్న రెండు లావు టైర్ల మీద అతని చూపు పడింది.

"అవేం సైజు?"

"ఆరు డెబ్బై. పెద్ద బండ్లవి."

"ఓబులేసు చక్రానికి ఎక్కుతాయా?"

"ఎక్కడానికి ఎక్కుతాయి. అవీ పదిహేనే కదా. లావు ఎక్కువన్నా. మలుపు తిప్పినప్పుడల్లా మడ్‌గార్డుకు రాసుకుంటాయి. అట్లా రాసుకోని రాసుకోని ఒకనాడు పేలతాయి."

శేషయ్య గొంతు తగ్గించాడు. "అవే వెయ్. వానికి చెప్పద్దు."

యేసుదాసు బిత్తరపోయాడు. "అన్నా! ముందు టైరు పేలితే బండి యాడికి పోతాదో ఎవరికి తెలుసు? లోపల మనుషులుంటారు."

"ఏం కాదులే. దోవలో నిలబడిపోతాది. పది మంది చూసి నవ్వితే నాకు చాలు."

"నా చేతుల్తో నేను వేయలేనన్నా."

"నీ షాపు ఎవరి జాగాలో ఉందో గుర్తుంది కదా? ఒకటో తారీకుకు ఖాళీ చేస్తావా మరి?"

యేసుదాసు పోయి లావు టైరును దొర్లించుకుంటూ వచ్చి చక్రం పక్కన పడేశాడు. అంతవరకు కళ్ళారా చూసి శేషయ్య ఆళ్ళగడ్డ బస్సెక్కాడు.

నాలుగు రోజులు గడిచాయి. ఓబులేసు కారు హారన్ వినబడినప్పుడల్లా శేషయ్య గుండె ఒకసారి పొంగేది, ఒకసారి జారేది. దగ్గరికి పోయి ఆ టైర్లను చూసే ధైర్యం మాత్రం లేకపోయింది.

అయిదోనాడు పొద్దున చేనికి పోయి తిరిగివస్తూ వీధి మలుపులోనే ఆగిపోయాడు. తన ఇంటి ముందు ఓబులేసు కారు. వెనక సీట్లో తల్లి ఒడిలో తల పెట్టుకుని, కాన్పుకొచ్చిన కూతురు లీలావతి మెలికలు తిరిగిపోతోంది. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే నంద్యాల ఆస్పత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని వాకిట్లో నిలబడి మొత్తుకుంటోంది. ఓబులేసు ఇంజను స్టార్ట్ చేశాడు.

శేషయ్య పరుగెత్తుకుంటూ వచ్చి కారుకు అడ్డం నిలబడ్డాడు.

"దింపండి! బిడ్డను దింపండి!"

"పక్కకు జరుగు బావా. బేగా పోవాల."

"ఈ కారు వద్దు. నా కారుకింకా టైర్లు రాలేదు, ఎద్దులబండి కట్టిస్తా."

రామేశ్వరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏమయ్యా, మనిషివేనా నువ్వు? బండిలో పోతే సాయంత్రమైతాది. బిడ్డ ప్రాణం మీదికొచ్చినా నీకు కారు కుళ్ళేనా? నా తమ్ముని కారెక్కితే నీ పరువు పోతాదా?"

వీధి వీధంతా చూస్తోంది. అవునంటే తన గుట్టు దాగేది. మొండివాడని, కుళ్ళుబోతని తిట్టుకుని వదిలేసేవాళ్ళు. కాని అవునన్నా కారు ఆగేలా లేదు. ఓబులేసు గేరు వేశాడు. "నాయనా..." అని లీలావతి మూలిగింది.

శేషయ్య రెండు చేతులూ బానెట్టు మీద వేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"టైర్లు పేలతాయిరా ఓబులేసూ! నేనే... నేనే ఆ యేసుదాసును బెదిరించి లావు టైర్లు వేయించినా. నీ కారు చూసి ఓర్వలేక వేయించినా. నన్ను ఏమైనా చెయ్యి. నా బిడ్డను మాత్రం దీంట్లో తీసుకపోవద్దు!"

రామేశ్వరమ్మ మొగుణ్ణి కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

ఓబులేసు కారు దిగలేదు. టైర్ల వైపు కూడా చూడలేదు. పక్కకు వంగి ముందు తలుపు తెరిచాడు.

"ఎక్కు బావా, ఆలస్యమైతాంది. నువ్వు బస్సెక్కినంక యేసుదాసు నాకంతా చెప్పి కంపెనీ సైజే వేసినాడు. ఇప్పుడు నువ్వు నోరు తెరవకపోయింటే, ఈ మాట నాతోనే పోయుండేది."