కోడి దాటిన ముగ్గు

కార్తీక మాసం, నాగుల చవితి, ఉదయం ఆరు గంటలు. మా నాయనమ్మ వాకిట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బియ్యప్పిండితో మెలికల ముగ్గు వేసి, పుట్టలో పాలు పొయ్యడానికి వెళ్లింది.

అంతలో మేత ముగించుకుని చుక్కలకోడి తిరిగొచ్చింది. దాని గుడ్లు అరుగు మీద గంపలో ఉన్నాయి, నేడో రేపో పిల్లలయ్యేవి. ముగ్గు చూడగానే దాని కాళ్లు ఆగిపోయాయి.

“అమ్మో, ఎంత పాము. నా గుడ్ల కోసమే అడ్డంగా పడుకుంది.”

పిండి మోసుకెళ్తున్న చీమ తలెత్తింది. “ఇది ముగ్గు వదినా. ఇందాకటి నుంచి తింటున్నాం, ఒక్కసారీ బుస కొట్టలేదు.”

“నువ్వెంత, దాని కంటికి ఆనుతావా?”

“పోనీ, తల ఎటుందో చూపించు.”

కోడి వెతికింది. ఎటు చూస్తే అటే తల కనిపించింది.

“నువ్విలా నిలబడితే అక్కడ గుడ్లు చల్లారిపోతాయి వదినా,” అంది చీమ మెల్లగా.

కోడి గంప వైపు చూసింది. పాము భయం పోలేదు గానీ, గుడ్ల మీది బెంగ దాన్ని మించిపోయింది. దేవుణ్ణి తలుచుకుని, పాము నడుం మీదుగానే పరుగెత్తి గంపెక్కింది. గుడ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే మావాళ్లు కళ్లాపి చల్లి, విచ్చిన పద్మం ముగ్గు వేశారు. పిల్లలతో గంప దిగిన కోడి కాసేపు దాన్ని చూసింది.

“ఇవాళ గద్ద వాలింది,” అంది చీమతో.

అని, పిల్లల్ని వెంటబెట్టుకుని దాని మీదుగానే నడిచింది. పిల్లలు దారి పొడుగునా గద్ద రెక్కలు పొడుచుకు తిన్నాయి.