పడమటి వాలు

“కాఫీలో పంచదార వెయ్యకండి. డాక్టరు మానెయ్యమన్నాడు,” అంది లోవీసా.

గ్రోవా చేతిలో చెంచా ఆగిపోయింది. హాల్దోర్‌కి తీపి లేందే కాఫీ దిగదు. ఇన్నేళ్ళుగా కలిపి ఇస్తున్నది తను. ఇప్పుడెవరో రాజధాని రేక్యవిక్ నుంచి ఊడిపడి తనకు చెప్పడమా?

హెర్దుబ్రేద్ కొండ కింద, ఎక్కడానికొచ్చేవాళ్ళ బస చూసుకునేది గ్రోవా. ఏటా మంచు కరిగి దారులు తెరుచుకోగానే హాల్దోర్ రాళ్ళ పరిశోధనకు ఇక్కడ దిగిపోతాడు. మళ్ళీ మంచు పడేదాకా ఆ చెక్క గుడిసే ఇద్దరి లోకం. అతని ఒంటి మీద స్వెట్టర్ ఆమె అల్లిందే.

ఈసారి ఈవిణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. “లోవీసా. కొండ చూస్తానంది,” అన్నాడు తలెత్తకుండా.

కాఫీ తాగి హాల్దోర్, లోవీసా గుమ్మం బయట నిలబడ్డారు. అతని మాటలు లోపలికి వినిపిస్తున్నాయి.

“ఒకప్పుడు ఇక్కడంతా మంచే. దాని అడుగున అగ్నిపర్వతం రాజుకుంది. కరిగిన మంచు నీళ్ళలో లావా పడి, తునకలై గుట్టపడింది. గుట్ట మంచుపైకి తలెత్తాక లావా పైన పరుచుకుంది. అందుకే నెత్తి పీటలా చదును.”

“అచ్చం నీలాగే. పైకి చదును. లోపలేం రాజుకుందో ఎవరికీ తెలీదు,” అంది లోవీసా.

హాల్దోర్ నవ్వలేదు. గ్రోవాకి ఒళ్ళు మండింది. మొదటి వేసవిలో కొండ గురించి ఆ మాటలు తనకే చెప్పాడు, అదే గుమ్మంలో.

పైకి దారి పడమటి వాలొక్కటే. ఎండ ముదిరితే మంచు కరిగి రాళ్ళు పట్టు వదులుతాయి. అప్పటికే పొద్దెక్కింది. హాల్దోర్‌కి ఆ సంగతి తెలీక కాదు, ఎలాగోలా అక్కణ్ణుంచి కదిలితే చాలన్నట్టున్నాడు. ‘రేపు పొద్దున్నే వెళ్ళండి’ అని ఆపడం గ్రోవా పని. మాట నోటిదాకా వచ్చింది. అంతలో లోవీసా వంగి అతని బూటు తాడు బిగించింది. గ్రోవా వెనక్కి తిరిగి ఎంగిలి కప్పులు తీసింది.

వాళ్ళు ఎక్కుతుంటే గుమ్మంలోంచి బైనాక్యులర్స్‌తో చూస్తూ నిలబడింది. జారుడు రాళ్ళ దగ్గర అతను చెయ్యందించాడు. లోవీసా పట్టుకుంది. దాటాక కూడా వదల్లేదు.

ఉన్నట్టుండి కొండ ఉరిమింది. వాలంతా దుమ్ము లేచింది.

గ్రోవా రేడియోలో కబురు చెప్పి పరుగెత్తింది. బండ పడి హాల్దోర్ తొడ నుజ్జయింది. తన కండువా బిగించి కట్టి నెత్తురు ఆపింది. అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

“ఇవాళే ఎక్కాలని నేనే పట్టుబట్టాను,” అని లోవీసా ఏడుస్తోంది.

“ఆపాల్సింది నేను,” అంది గ్రోవా.

హెలికాప్టర్ వచ్చింది. స్ట్రెచర్ మీదికి చేర్చినా అతను గ్రోవా చెయ్యి వదల్లేదు.

“వెంట ఒక్కరికే చోటుంది,” అన్నాడు పైలట్, పట్టుకున్న ఆ చేతుల కేసి చూసి. “భార్య మీరేనా?”

గ్రోవా హాల్దోర్ వేళ్ళలోంచి చెయ్యి విడిపించుకుని, “కాదు, ఆవిడ,” అంది.