పెంట్‌హౌస్ చూడ్డానికొచ్చిన మనిషి

"ఇది లిఫ్టా, శవాల పెట్టా?"

పెంట్‌హౌస్ చూడ్డానికొచ్చిన ఆడమనిషి నోట్లోంచి ఊడిపడ్డ మొదటి మాట అది.

యజమాని బందెత్తీని మొహం మాడిపోయింది. ఇటలీలోని లుక్కా ఊళ్ళో, కోటగోడ లోపల, అంత ఎత్తున కూర్చున్న ఇల్లు ఇంకోటి లేదు. పాత జమీందారీ భవనంలో పై అంతస్తు మొత్తం ఆయనదే. అమ్మకానికి పెట్టి పది నెలలయింది. వచ్చినవాళ్ళు ఆహా ఓహో అంటారు. కిందికి దిగి కాఫీ తాగుతారు. అక్కడ ఎవరో ఏదో చెవిలో ఊదుతారు. అంతే, మళ్ళీ ఫోన్ ఎత్తరు.

అందుకే ఈసారి బ్రోకర్ ఒరెస్తే ఆవిణ్ణి కారు దింపి, ఎక్కడా ఆగనివ్వకుండా సరాసరి పైకి తీసుకొచ్చాడు.

ఆవిడ పేరు జెమ్మా. యాభై దాటాయి. ఖరీదైన కోటు. గార్ఫాన్యానా కొండల్లో జున్ను వ్యాపారమట.

"చల్లటి కొండగాలి వదిలేసి మా ఊళ్ళోకి రావాలనిపించిందా, సిన్యోరా?" అన్నాడు బందెత్తీని, పళ్ళు కనపడేలా నవ్వి.

"చెస్ట్‌నట్ పిండి తినే కొండవాళ్ళకి కోటగోడ లోపల చోటు లేదంటారా?"

"అయ్యో, నేనలా అన్నానా?"

"అనలేదు. కోటు వంక, చెప్పుల వంక చూశారుగా. చాలు."

హాల్లోకొచ్చింది. పైకప్పు మీది పాత బొమ్మల్ని చూసి, "బూజు పట్టింది" అంది.

"అది బూజు కాదు, మేఘాలు. మూడొందల ఏళ్ళనాటి చిత్రం."

"అయితే మూడొందల ఏళ్ళనాటి బూజు."

ఒరెస్తే దగ్గాడు. బందెత్తీని నవ్వలేదు. ఆవిడ కిటికీలు లాగి చూసింది. గోడలు వేళ్ళతో తట్టి చూసింది. చర్చి గంటల చప్పుడుకి మనిషన్నవాడు ఇక్కడెలా నిద్రపోతాడని అడిగింది. ఆయన జవాబు చెప్పేలోపు వంటింట్లోకి వెళ్ళి కొళాయిలన్నీ తిప్పింది.

నీళ్ళ చప్పుడు చాటున ఒరెస్తే ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"సిన్యోర్, కాస్త ఓపిక పట్టండి. ఆ పనిపిల్ల సంగతి ఈవిడకి తెలిసినట్టు లేదు. మీరు ఎత్తకండి."

"నేనెందుకు ఎత్తుతాను? ఆ రోజు నేను ఊళ్ళోనే లేను, పీసాలో ఉన్నాను. ఆ పిల్లే తలుపు తీసుకుని డాబా మీదికెళ్ళింది, తనే పడింది. పోలీసులు కూడా అదే రాసుకుని ఫైలు మూసేశారు. నా ఇంటికి మచ్చ తగిలించి పోయింది, దరిద్రపు పీనుగ."

కొళాయిలు ఆగాయి.

ఆవిడ తిన్నగా డాబా వైపు నడిచింది. గాజు తలుపు అవతల నిమ్మచెట్ల కుండీలు, వాటి వెనక మోకాలెత్తు పిట్టగోడ. దాని అవతల ఊరి పైకప్పులు, దూరంగా కోటగోడ మీది చెట్లు.

"ఇదేం పిట్టగోడ? కుక్కపిల్ల కూడా దూకుతుంది."

"పాత భవనం. గోడ ఎత్తు పెంచడానికి మున్సిపాలిటీ ఒప్పుకోదు."

"అయితే నాకొద్దు. పదవయ్యా ఒరెస్తే." ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుంది. "నాలుగేళ్ళ మనవడున్నాడు. వాడికి నేనే దిక్కు. వాడు తలుపు తీసుకుని ఇటొచ్చాడంటే?"

బందెత్తీనికి ఒళ్ళు మండింది. పది నెలల్లో ఇంతదూరం వచ్చిన బేరం ఇదొక్కటే.

"తీసుకుంటే కదా రావడానికి! ఈ తలుపు చూడండి. లోపల్నుంచైనా, బయట్నుంచైనా తాళంచెవి లేకుండా తెరుచుకోదు." జేబులోంచి గుత్తి తీసి గలగలలాడించాడు. "ఉన్నది ఒకటే చెవి. ఇదిగో."

"ఇలాంటి కబుర్లు చాలా విన్నాను. రెండోది పనివాళ్ళ దగ్గరుంటుంది."

"పనివాళ్ళ దగ్గరా? నా తాళంచెవా?"

"మరి ఆ చెట్లకి నీళ్ళెవరు పోస్తారు? మీరా?"

"పనిమనిషే పోస్తుంది. నేను తలుపు తీస్తాను. పని అయ్యేదాకా ఇక్కడే నిలబడతాను. మళ్ళీ తాళం వేసి జేబులో వేసుకుంటాను. అలాంటివాళ్ళని నమ్ముతామా ఎవరైనా?"

"మీరు ఊళ్ళో లేనప్పుడు?"

"నేను లేనప్పుడు ఈ తలుపు తెరుచుకోదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా తెరుచుకోలేదు."

ఒరెస్తే గబుక్కున తలెత్తాడు. "సిన్యోర్, ఒక్క నిమిషం..."

"నువ్వాగవయ్యా! ఇన్ని నెలల్నుంచి నువ్వు ఒరగబెట్టింది చూశాంగా."

జెమ్మా పెదవి విరిచింది. "నోటిమాట గాలికి పోతుంది. కాగితం మీద పెట్టండి. పెడితే మీరడిగిన ధరకే, ఒక్క యూరో తగ్గించకుండా, ఇప్పుడే సంతకం చేస్తాను."

బందెత్తీని బల్ల ముందు కూర్చున్నాడు. డాబా తలుపుకి ఒకే తాళంచెవి ఉందనీ, పదకొండేళ్ళుగా అది తన చేతిలోంచి మరొకరి చేతిలోకి పోలేదనీ, తాను దగ్గర లేకుండా ఆ తలుపు ఎన్నడూ తెరుచుకోలేదనీ విసురుగా రాశాడు. తేదీ వేసి సంతకం చేశాడు.

"ఒరెస్తే, సాక్షిగా నువ్వూ చెయ్యి" అంది ఆవిడ.

ఒరెస్తే చాలాసేపు కాగితం వంక చూశాడు. తర్వాత ఆవిడ వంక చూశాడు. కలం తీసుకుని సంతకం పెట్టాడు.

ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపలి జేబులో దాచుకుంది.

"తృప్తిగా ఉందా?" బందెత్తీని కొనుగోలు పత్రాన్ని ఆవిడ ముందుకు విసిరాడు. "ఇక మీ వంతు. కొండవాళ్ళకి రాయడం వచ్చుగా?"

"వచ్చు."

ఆవిడ కలం అందుకుని, కొనుగోలుదారు పేరు అన్నచోట పిల్లలు నేర్చుకునేంత పెద్ద అక్షరాలతో, "నీ డాబా మీద నుంచి పడి చచ్చిపోయిన నెరీనా తల్లిని" అని రాసి, కాగితం ఆయన వైపు తిప్పింది.