రెండో తేదీ, పదకొండో నెల

కిడ్నీ కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో మొదటి వరుస తప్పని ఆమెకు కాగితాలు తిరగేయకుండానే తెలిసిపోయింది.

ఆసుపత్రి మూడో అంతస్తులో, ఫ్యాను వేస్తే కాగితాలు, ఆపితే ప్రాణాలు ఎగిరిపోయే చిన్న గది ఆమెది. నెలకోసారి ఆ జాబితా తయారుచేయడమే ఆమె పని. అందరూ జాబితా అక్క అంటారు. ఆమె రోగుల వివరాలు కంప్యూటరుకిస్తుంది. ఎక్కడో దూరాన విశ్వవిద్యాలయంలో పరిశోధకులు రాసిన ప్రోగ్రాం ఎవరు ముందో ఎవరు వెనకో తేలుస్తుంది. డయాలసిస్ మొదలై ఎన్నాళ్లయిందన్నదే అందులో పెద్ద లెక్క.

మొదటి వరుసలో ఉన్న రోగికి డయాలసిస్ మొదలైంది నవంబరు రెండున. కొత్తగా మార్చిన ప్రోగ్రాం దాదాపు తొమ్మిది నెలలు ఎక్కువ లెక్కేసి, ఆ రోగిని అందరికన్నా పైన కూర్చోబెట్టింది.

ప్రోగ్రాం రాసినవాళ్లకు వెంటనే రాసి పంపింది. మీ లెక్క తప్పు, వెంటనే సరిచేయండి అని.

ఒక్క వాక్యం జవాబు వచ్చింది. "మా దగ్గర సరిగ్గానే పనిచేస్తోంది." ఫిర్యాదు మూసేశారు.

ఆమెకు ఒళ్లు మండింది. రెండోసారి పేజీ నిండా దులిపేసింది. ఈసారి జవాబే లేదు.

రక్తపరీక్షల గదిలో పనిచేసే పెద్దాయనను ఆమె బాబాయ్ అంటుంది. టీ తాగుతూ ఆ రెండు ఫిర్యాదులూ చదివి ఆయన పెదవి విరిచాడు.

"దర్జీ దగ్గరికెళ్లి చొక్కా బాలేదంటే వాడేం చేస్తాడమ్మా? చంక దగ్గర పట్టేసింది, ఇంత వదులు చెయ్యమనాలి. నువ్వు తిట్టావు, వాళ్లు దులుపుకున్నారు."

"తప్పు వాళ్లదైతే నేనెందుకు బతిమాలాలి బాబాయ్?"

"బతిమాలొద్దు. తప్పించుకోడానికి సందివ్వకు." ఆయన గ్లాసు కింద పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. "అసలు పంపాలనే ఉందా నీకు?"

"ఉంది."

రెండు రోజులు కూర్చుంది. నిజమైన రోగుల వివరాలు గడప దాటకూడదు కనుక, లేని రోగులను ముగ్గురిని పుట్టించింది. తేదీలు మార్చి మార్చి ఇచ్చి చూసింది. పదమూడు మొదలు నెలాఖరు దాకా ఏ తేదీ ఇచ్చినా లెక్క సరిపోయింది. పన్నెండులోపు తేదీ ఇస్తే చాలు, తిరగబడింది. రెండో తేదీ పదకొండో నెల అని ఇస్తే, ప్రోగ్రాం దాన్ని పదకొండో తేదీ రెండో నెలగా చదువుకుంటోంది. చదివి, నోరు మెదపకుండా లెక్క కట్టేస్తోంది.

ఈలోపు సంగతి పెద్ద డాక్టరు చెవిన పడింది. పిలిపించాడు. జాబితా మీద సంతకాలైపోయాయని, వచ్చే నెల ఎలాగూ కొత్తది వస్తుందని, అప్పుడు సరిచేసుకోవచ్చని నచ్చజెప్పాడు. తప్పు ప్రోగ్రాందే కాబట్టి ఎవరూ ఆమెను వేలెత్తి చూపరన్నాడు.

"నీ మంచికే చెబుతున్నానమ్మా. నెల రోజులు నోరు మెదపకు."

"ఈ నెల్లోనే కిడ్నీ దొరికితే ఎవరికిస్తారు సార్?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "జాబితాలో ముందున్నవాళ్లకి."

"అయితే జాబితా నిజం చెప్పేదాకా నేనూరుకోను. కావాలంటే నన్ను ఈ కుర్చీలోంచి తీసెయ్యండి."

తీసెయ్యలేదు. ఆమె గదికొచ్చి మూడో ఫిర్యాదు రాసింది. ప్రోగ్రాం వెర్షను నంబరు, ఆ లేని రోగుల వివరాలు మూడు వరుసల్లో పెట్టింది. ఏది నొక్కాక ఏది నొక్కిందో వరసగా చెప్పింది. రావలసింది ఎంత, వచ్చింది ఎంత, పక్కపక్కన వేసింది. తిట్టు ఒక్కటీ లేదు. చివర మాత్రం ఇలా రాసింది: "ఈ మూడు వరుసలూ మీ కంప్యూటరుకివ్వండి. ఇప్పుడు మీ దగ్గర కూడా పనిచేయదు."

పంపే మీట నొక్కిన కాసేపటికి భర్త ఫోన్ చేశాడు. పంపేశావా అని ఒకటే మాట అడిగాడు. పంపేశానంది. అతను ఫోన్ పెట్టేశాడు. మర్నాడు రోజూలా బస్సుస్టాపు దాకా దింపడానికీ రాలేదు.

ప్రోగ్రాం రాసినాయన ఆ ఉదయం తనే ఫోన్ చేశాడు. వెనక రాసిన జవాబులోని బిగువు గొంతులో లేదు. మూడు వరుసలు నడపగానే తప్పు దొరికిందని, సరిచేసిన ప్రోగ్రాం పంపుతున్నానని చెప్పాడు. మొదటి ఫిర్యాదు చదవగానే మూసేసినందుకు క్షమించమన్నాడు. పెట్టేసేముందు ఉండబట్టలేక అడిగాడు.

"ఇంత పట్టుబట్టారంటే, మీవాళ్లెవరైనా వెనకబడిపోయారా అండీ?"

"మావాళ్లెవరూ వెనకబడలేదండీ."

కొత్త జాబితా వచ్చింది. మొదటి వరుస ఐదోదైంది. రెండో వరుసలో ఉన్న క్రేను డ్రైవరు మొదటికొచ్చాడు. పెద్ద డాక్టరు సంతకం పెట్టాడు. సిరా ఆరిందో లేదో, నాలుగు గంటలకు కబురొచ్చింది, కిడ్నీ దొరికిందని.

క్రేను డ్రైవరుకు ఫోన్ చేసింది ఆమే. ఏమీ తినకుండా, తాగకుండా, ఉన్నపళాన బయల్దేరమంది. అతను నమ్మలేదు. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాడు. ఆమె రెండోసారి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అవతల ఏడుపు వినిపించాక పెట్టేసింది.

తర్వాత మెట్లు దిగి డయాలసిస్ వార్డుకెళ్లి, మొదటి వరుస నుంచి ఐదో వరుసకు జారిన ఇరవయ్యేళ్ల అమ్మాయిని ఇంటికి తీసుకెళ్లడానికి, రిజిస్టరులో తల్లి అన్నచోట సంతకం పెట్టింది.